మందులోని చక్కెర లెక్క బయటికి రావాలి

2008లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒక మందు విషయంలో కఠినమైన నిర్ణయం తీసుకుంది. పాంపే అనే అరుదైన కండరాల జబ్బుకు జెంజైమ్ కంపెనీ మయోజైమ్ పేరుతో ఒక ఎంజైమ్‌ను అమ్మేది. 2006లో అనుమతి వచ్చినప్పుడు దాన్ని 160 లీటర్ల పాత్రలో తయారు చేసేవారు. గిరాకీ పెరగడంతో 2,000 లీటర్ల పాత్రకు మారతామని కంపెనీ అడిగింది. జన్యువు అదే, కణాలు అవే, తయారీ కంపెనీ అదే. ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాల వరస ఏమాత్రం మారలేదు. అయినా సంస్థ ఒప్పుకోలేదు. పెద్ద పాత్రలో పుట్టిన ఎంజైమ్ మీది చక్కెర గొలుసుల్లో తేడా కనిపిస్తోంది కాబట్టి దీన్ని వేరే మందుగానే పరిగణిస్తాం, విడిగా అనుమతి తెచ్చుకోండి అని చెప్పింది. చిన్న పాత్రలో వచ్చే సరుకును అమెరికాలో పసిపిల్లలకూ చిన్నపిల్లలకూ కేటాయించాల్సిన పరిస్థితి. 2010లో పెద్ద పాత్ర మందుకు లుమిజైమ్ అనే మరో పేరుతో, ఎనిమిదేళ్లు నిండినవారికే వాడాలన్న షరతుతో అనుమతి దొరికింది. రెండూ పోల్చదగినవేనని తేల్చి సంస్థ ఆ షరతును 2014లో ఎత్తేసింది. యూరప్ మాత్రం పెద్ద పాత్రల తయారీని పాత పేరు మీదే అంగీకరించింది. ఒకే రకం మార్పును చూసి ప్రపంచంలోని రెండు గట్టి నియంత్రణ సంస్థలు రెండు దారులు పట్టాయి. ఎవరిది సరైన దారి అన్న చర్చ కంటే, ఆ చర్చంతా దేని మీద నడిచిందన్నది మనకు ముఖ్యం. అది నడిచింది ప్రొటీన్ మీద కాదు, దానికి అతుక్కున్న చక్కెర మీద.

జీవ ఔషధాల గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలు ధర చుట్టూ, పేటెంట్ల చుట్టూ, ఎగుమతుల చుట్టూ తిరుగుతాయి. సీసాలో ఉన్న అణువు ఎలా ఉందన్న ప్రశ్న దాకా రావు. నా వాదన ఇది: చాలా ప్రొటీన్ మందుల్లో చక్కెర గొలుసులు మందులో విడదీయలేని భాగం. మందు ఒంట్లో ఎంతసేపు ఉండాలి, ఏ అవయవానికి చేరాలి, ఎంత గట్టిగా పనిచేయాలి, ఎవరికి ప్రమాదం తెస్తుంది అన్న నాలుగు విషయాల్లోనూ వాటికి చేయి ఉంది. కాబట్టి మన దేశంలో అమ్ముడయ్యే ప్రతి ప్రొటీన్ మందు చక్కెర వివరాలనూ నియంత్రణ సంస్థ ప్రజల ముందు పెట్టాలి. మూల మందుకు పోలికగా తయారయ్యే బయోసిమిలర్లకైతే ఇది మరీ అవసరం. వాటికి పెద్ద క్లినికల్ పరీక్షలు అక్కర్లేదన్న అభిప్రాయం ప్రపంచమంతటా బలపడుతున్న ఈ రోజుల్లో ఆ పరీక్షల స్థానంలో మనం నమ్మబోయేది ప్రయోగశాల కొలతల్నే.

ఇక్కడ చక్కెర అంటే వంటింటి పంచదార కాదు. మానోజ్, గెలాక్టోజ్, ఫ్యూకోజ్, సియాలిక్ ఆమ్లం వంటి చిన్న అణువులు కొమ్మలుగా అల్లుకున్న గొలుసులు. కణం లోపల ప్రొటీన్ తయారవుతూ ఉండగానే, దాని మీద కొన్ని నిర్ణీత స్థానాల్లో 14 చక్కెరల గొలుసును ఒక ఎంజైమ్ ఒక్కసారిగా అతికిస్తుంది. తర్వాత ప్రొటీన్ కణంలోని ఒక గది నుంచి మరో గదికి సాగుతున్నప్పుడు కొన్ని ఎంజైమ్‌లు ఆ గొలుసును కత్తిరిస్తాయి, మరికొన్ని కొత్త చక్కెరలు చేరుస్తాయి. ప్రొటీన్ ఎలా ఉండాలో జన్యువులో అక్షరం అక్షరం రాసి ఉంటుంది. గొలుసు చివరికి ఎలా ఉండాలో అలా రాసి ఉండదు. ఆ ఎంజైమ్‌లు ఆ పూట ఎన్ని ఉన్నాయి, వాటికి ముడిసరుకు ఎంత దొరికింది, ప్రొటీన్ ఎంత వేగంగా వాటిని దాటిపోయింది అన్నదాన్ని బట్టి గొలుసు తేలుతుంది. అందుకే ఒకే పాత్రలో ఒకే రోజు తయారైన అణువులు కూడా అన్నీ ఒక్కలా ఉండవు. పాత్రలో అమోనియా పేరుకుంటే సియాలిక్ ఆమ్లం తగ్గుతుంది. కొంచెం మాంగనీస్ చేరిస్తే గెలాక్టోజ్ పెరుగుతుంది. ఉష్ణోగ్రత, ఆమ్లత, కణాలకు పెట్టే మేత అన్నీ గొలుసు మీద తమ ముద్ర వేస్తాయి. ఒకే కొలతలతో కలిపినా చేయి మారితే ఆవకాయ రుచి మారినట్టు, ఒకే జన్యువుతో మొదలుపెట్టినా కర్మాగారం మారితే మందు చక్కెర మారుతుంది. సాధారణ రసాయన మందుకు జనరిక్ తయారు చేసినంత సూటిగా ప్రొటీన్ మందుకు నకలు తీయడం కుదరకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే.

ఈ మార్పులు కాగితం మీది తేడాలుగా మిగలవనడానికి అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన సాక్షి ఎరిథ్రోపాయిటిన్. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో రక్తహీనతకు ఇచ్చే ఇంజెక్షన్ ఇది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ మీద బతుకుతున్న కుటుంబాలకు ఈ మందు గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 165 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్ బరువులో సుమారు 40 శాతం చక్కెరే. మూడు చోట్ల ఒక రకం గొలుసులు, ఒక చోట మరో రకం గొలుసు ఉంటాయి. వాటి చివర్లను కప్పి ఉంచే సియాలిక్ ఆమ్లాన్ని తీసేస్తే ఏమవుతుందో ప్రయోగాల్లో చూశారు. గాజు పాత్రలోని కణాల మీద ఆ అణువు మామూలు దానికంటే చురుగ్గా పనిచేసింది. జంతువు ఒంట్లోకి ఎక్కిస్తే మాత్రం దాదాపు పని చేయలేదు. కారణం కాలేయం. సియాలిక్ ఆమ్లం ఊడిపోయి గెలాక్టోజ్ బయటపడ్డ ప్రొటీన్‌ను పట్టి మింగేసే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉన్నాయి. గిల్బర్ట్ ఆష్‌వెల్, అనతోల్ మోరెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960ల చివర్లో కుందేళ్ల మీద వేరే రక్త ప్రొటీన్‌తో చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి బయటపడింది. చివరి చక్కెర తీసేసిన ప్రొటీన్ నిమిషాల్లో రక్తం నుంచి మాయమైంది. ఆ జ్ఞానాన్ని తిరగేసి వాడుకున్న మందు డార్బెపాయిటిన్. ఎరిథ్రోపాయిటిన్‌లో కొన్ని అమైనో ఆమ్లాలను మార్చి అదనంగా రెండు గొలుసులు పట్టేలా చేశారు. లక్ష్య గ్రాహకానికి అది అతుక్కునే పట్టు తగ్గింది గానీ, నరంలోకి ఇచ్చినప్పుడు ఒంట్లో సగానికి తగ్గే సమయం ఎనిమిదిన్నర గంటల నుంచి దాదాపు 25 గంటలకు పెరిగింది. వారానికి మూడు సూదుల బదులు ఒకటి చాలింది. 2001లో అది మార్కెట్లోకి వచ్చింది. మందు మొత్తంగా మెరుగైంది చక్కెర చేర్చడం వల్లే. ఈ ఉదాహరణలో మరో హెచ్చరిక కూడా ఉంది: గాజు పాత్రలో బలంగా కనిపించినది మనిషి ఒంట్లోనూ బలంగా ఉంటుందని అనుకోకూడదు. దీనికి మళ్లీ వస్తాను.

చక్కెర మందుకు దారి కూడా చూపిస్తుంది. గౌషర్ వ్యాధిలో ఒక ఎంజైమ్ లోపించడం వల్ల మాక్రోఫేజ్‌లనే రక్షక కణాల్లో కొవ్వు పదార్థం పేరుకుపోతుంది. ప్లీహం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో రాస్కో బ్రేడీ బృందం ప్రసవం తర్వాత పారేసే మాయల నుంచి ఆ ఎంజైమ్‌ను వేరు చేసి 1970ల్లో రోగులకు ఇచ్చి చూసింది. ఫలితం నిలకడగా రాలేదు. ఎంజైమ్‌లో చాలా భాగం వెళ్లాల్సిన మాక్రోఫేజ్‌లకు చేరకుండా కాలేయంలోని ఇతర కణాల్లోకి పోయేది. మాక్రోఫేజ్‌ల మీద మానోజ్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉన్నాయని తెలిశాక దారి దొరికింది. ఎంజైమ్ మీది గొలుసు చివర్లను మూడు రకాల ఎంజైమ్‌లతో ఒకదాని తర్వాత ఒకటి కత్తిరించి, లోపలి మానోజ్ బయటికి కనిపించేలా చేశారు. అదే ఎంజైమ్, అదే రోగం; చివరి చక్కెరలు తీసేయగానే ప్లీహాలు తగ్గడం మొదలైంది. 1991లో సెరిడేజ్ పేరుతో అనుమతి పొందిన ఆ మందుకు ఒక రోగికి ఏడాదికి వేల మాయలు కావాల్సి వచ్చేది. 1994లో హామ్‌స్టర్ కణాల్లో తయారైన రూపం వచ్చింది. 2012లో క్యారట్ కణాల్లో తయారైన మరో రూపం వచ్చింది. ఆ మొక్క కణాలు గొలుసును సహజంగానే మానోజ్ బయటపడేలా అమరుస్తాయి కాబట్టి విడిగా కత్తిరించే పనే లేకుండా పోయింది. మొదట చెప్పిన పాంపే మందుది కూడా దారి సమస్యే. అక్కడ కావాల్సింది ఫాస్ఫేట్ తగిలించిన మానోజ్. 2021లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త పాంపే మందును ఆ గుర్తు ఎక్కువగా ఉండేలా రూపొందించారు. ఇవి మనకు దూరపు విషయాలు కావు. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో గౌషర్, పాంపే రెండూ ఉన్నాయి. రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం చేసే ఆ పథకానికి హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఒక కేంద్రంగా ఉన్నాయి. ప్రజాధనంతో కొంటున్న ఆ సీసాల విలువలో చాలా భాగం చక్కెర చివరన ఏముందన్న దాని మీదే నిలబడి ఉంది.

క్యాన్సర్ యాంటీబాడీల్లో చక్కెర వాటా చాలా తక్కువ, బరువులో రెండు మూడు శాతం. ప్రభావం మాత్రం తక్కువేమీ కాదు. యాంటీబాడీ కాండంలో రెండు వైపులా ఒక్కో గొలుసు ఉంటుంది. ఆ గొలుసు మొదట్లో ఫ్యూకోజ్ అనే ఒక్క చక్కెర ఉందా లేదా అన్నదాన్ని బట్టి, క్యాన్సర్ కణాన్ని చంపడానికి వచ్చే సహజ హంతక కణాలు యాంటీబాడీని పట్టుకునే బలం మారుతుంది. ఫ్యూకోజ్ లేకపోతే ఆ పట్టు 50 రెట్ల దాకా పెరగగలదని 2002లో ప్రచురించిన పరిశోధన చూపింది. జపాన్‌లో 2012లో అనుమతి పొందిన మోగములిజుమాబ్, అమెరికాలో 2013లో వచ్చిన ఒబినుటుజుమాబ్ ఈ సూత్రం మీద తయారయ్యాయి. దీర్ఘకాలిక రక్త క్యాన్సర్ రోగుల మీద ఒబినుటుజుమాబ్‌ను రిటుక్సిమాబ్‌తో పోల్చిన పెద్ద పరీక్షలో జబ్బు మళ్లీ ముదరకుండా గడిచిన కాలం 26.7 నెలలు, 15.2 నెలలుగా తేలింది. ఆ తేడా అంతా చక్కెరదే అనలేం. ఆ యాంటీబాడీ అతుక్కునే తీరు వేరు, మోతాదూ వేరు. కానీ మందును రూపొందించినవారు కావాలని మార్చిన అంశాల్లో చక్కెర ముఖ్యమైనది.

ప్రమాదం వైపు చూస్తే సెటుక్సిమాబ్ కథ ఉంది, దాని దగ్గర కొంచెం ఆగాలి. పెద్దపేగు, తల, మెడ క్యాన్సర్లకు వాడే ఈ యాంటీబాడీకి అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. మొదటి డోసుకే కొందరికి ప్రాణాపాయకరమైన అలర్జీ వచ్చింది. దేశం మొత్తం మీద అది మూడు శాతం లోపే. టెనెస్సీ, నార్త్ కరోలినా రాష్ట్రాల్లోని కేంద్రాల్లో మాత్రం 22 శాతం మందిలో కనిపించింది. ఒకే మందు, ఒకే దేశం, ఇంత తేడా ఎందుకు? 2008లో జవాబు దొరికింది. సెటుక్సిమాబ్‌ను ఎలుక కణాల్లో తయారు చేస్తారు. ఆ కణాలు మనుషుల్లో లేని ఆల్ఫా గాల్ అనే చక్కెరను యాంటీబాడీకి అతికిస్తాయి. అలర్జీ వచ్చిన 25 మందిలో 17 మంది రక్తంలో, మందు తీసుకోకముందే, ఆ చక్కెర మీద దాడి చేసే ప్రతిదేహాలు ఉన్నాయి. అవి అక్కడి పొదల్లో ఉండే ఒక జాతి గోమార్ల కాటు వల్ల పుట్టినవని తర్వాతి పరిశోధనలు చూపాయి. అదే యాంటీబాడీని హామ్‌స్టర్ కణాల్లో తయారు చేసి చూస్తే ఆ రోగుల ప్రతిదేహాలు దాన్ని పట్టుకోలేదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదివి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ అజిత్ వర్కి బృందం మనుషులు తయారు చేసుకోలేని మరో చక్కెర గురించి ఏళ్ల తరబడి పరిశోధించి, 2010లో సెటుక్సిమాబ్‌లో అది కూడా ఉందని చూపింది. మందును ఏ జీవి కణాల్లో పెంచామన్నది ఆసుపత్రి మంచం మీద రోగి ఊపిరికి సంబంధించిన విషయమని ఈ ఉదంతం తేల్చింది. వైద్యుడికి ఆ సమాచారం ముందే అందుబాటులో ఉంటే ఇలాంటి ప్రమాదాల వెనక కారణం వెతకడానికి ఏళ్లు పట్టదు.

ఇక మూల మందు స్థిరంగా ఉంటుంది, నకళ్లే మారుతుంటాయి అన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. 2011లో శాండోజ్ శాస్త్రవేత్తలు మార్కెట్లో కొన్న మూల మందుల బ్యాచ్‌లను ఏళ్ల వారీగా కొలిచి, డార్బెపాయిటిన్, రిటుక్సిమాబ్, ఎటానర్‌సెప్ట్ మూడింటిలోనూ ఒక దశలో చక్కెర అమరిక స్పష్టంగా మారిందని నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో చూపారు. పేరు మారలేదు, వివరణ పత్రం మారలేదు. 2017లో శాంసంగ్ బయోఎపిస్ శాస్త్రవేత్తలు రొమ్ము క్యాన్సర్ మందు హెర్సెప్టిన్ (ట్రాస్టుజుమాబ్)లోనూ అలాంటి జారుడును నివేదించారు. కొన్ని బ్యాచ్‌లలో ఫ్యూకోజ్ లేని గొలుసులు తగ్గాయి, వాటితోపాటు క్యాన్సర్ కణాన్ని చంపించే శక్తీ తగ్గింది. ఆ బ్యాచ్‌లు అందుకున్న రోగులకు ఫలితాలు కొంత తక్కువగా వచ్చాయని తర్వాతి విశ్లేషణ సూచించింది. ఈ రెండు నివేదికలూ పోటీ కంపెనీల నుంచి వచ్చాయి కాబట్టి వాటిని జాగ్రత్తగా చదవాలి. రెండోది రోగుల్ని లాటరీ పద్ధతిలో విడదీసి తేల్చినది కూడా కాదు. అయినా అసలు ప్రశ్న అలాగే ఉంటుంది. లక్షల మందికి ఎక్కుతున్న మందులో మార్పు వచ్చిందని ప్రపంచానికి చెప్పింది తయారీదారు కాదు, నియంత్రణ సంస్థ కాదు. బజారులో సీసాలు కొనుక్కొచ్చి కొలిచిన పోటీదారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్‌కు పోలికైన రెడిటక్స్‌ను విడుదల చేసింది. యాంటీబాడీ మందుల్లో ప్రపంచంలో అలాంటి తొలి ప్రయత్నాల్లో అదొకటి. అప్పటికి మన దేశంలో బయోసిమిలర్ల కోసం ప్రత్యేక మార్గదర్శకాలే లేవు. అవి 2012లో వచ్చాయి, 2016లో సవరించారు. ఇవాళ క్యాన్సర్, కీళ్లవాతం, కిడ్నీ జబ్బుల చికిత్సలో భారతీయ బయోసిమిలర్లు లేకపోతే మన మధ్యతరగతి కుటుంబాలకు చికిత్స అందదన్నా అతిశయోక్తి కాదు. ఆ కంపెనీలు చక్కెర గొలుసుల్ని కొలవడం లేదని నేను అనడం లేదు. కొలుస్తున్నాయి, నియంత్రణ సంస్థకు ఇస్తున్నాయి. మార్గదర్శకాలు దాన్ని కోరుతున్నాయి కూడా. కానీ ఆ ఫైలు అక్కడే ఆగిపోతోంది. యూరప్‌లో ఏ మందుకు అనుమతి ఇచ్చినా దాన్ని ఏ ఆధారాల మీద ఇచ్చారో వివరించే మదింపు నివేదిక వెబ్‌సైట్‌లో ఉంటుంది. మూల మందుకూ బయోసిమిలర్‌కూ చక్కెర విషయంలో కనిపించిన తేడాలు, వాటిని ఎందుకు పట్టించుకోనక్కర్లేదనుకున్నారో అందులో చర్చిస్తారు. మన నిపుణుల సంఘాల సమావేశ నిర్ణయాలు బయటికి వస్తాయి గానీ, అంత వివరమైన మదింపు రాదు. అనుమతి వచ్చిందన్న వార్త వస్తుంది, ఎందుకు వచ్చిందో తెలియదు.

ఇది ఇప్పుడే ఎందుకు అత్యవసరమంటే, నియమాలు మారుతున్నాయి. బయోసిమిలర్‌ను మూల మందుతో పోల్చడానికి వందలాది రోగుల మీద ఏళ్ల తరబడి చేసే పరీక్షలు చాలా సందర్భాల్లో అవసరం లేదని బ్రిటన్ నియంత్రణ సంస్థ 2021లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తన మార్గదర్శకాలను అదే దిశగా సవరించింది. అమెరికా సంస్థ 2025 అక్టోబరులో అలాంటి ముసాయిదానే విడుదల చేసింది. వాళ్ల తర్కం నాకు సరైనదిగానే కనిపిస్తోంది. ఐదు వందల మంది క్యాన్సర్ రోగుల్లో కణితి ఎంతమందికి తగ్గిందో లెక్కపెట్టే పరీక్ష, ఫ్యూకోజ్ రెండు శాతం అటూ ఇటూ అయిన విషయాన్ని పట్టుకోలేదు. మాస్ స్పెక్ట్రోమీటర్ పట్టుకుంటుంది. ఆ పరీక్షల ఖర్చు తగ్గితే మందు చవకవుతుంది, చిన్న కంపెనీలు కూడా పోటీలోకి వస్తాయి. కానీ ఈ సడలింపుకు ఒక మూల్యం ఉంది. క్లినికల్ పరీక్ష ఫలితం పత్రికల్లో ప్రచురితమవుతుంది, దాన్ని ఏ వైద్యుడైనా చదివి ప్రశ్నించగలడు. దాని స్థానంలో ప్రయోగశాల కొలతను పెట్టి, ఆ కొలతను బీరువాలో దాస్తే, బయటివారు ప్రశ్నించగల ఆధారం ఏదీ మిగలదు. పరీక్షలు తగ్గించండి, కొలతలు చూపించండి: ఈ రెండూ కలిసి నడవాల్సినవి. ఎరిథ్రోపాయిటిన్ నేర్పిన హెచ్చరిక ఇక్కడ వర్తిస్తుంది. కణాల మీద చేసే శక్తి పరీక్ష ఒక్కటే సరిపోదు. గొలుసుల నిర్మాణం కొలవాలి, వాలంటీర్ల రక్తంలో మందు ఎంతసేపు నిలిచిందో చూసే చిన్న పరీక్షను మాత్రం వదలకూడదు. సియాలిక్ ఆమ్లం తగ్గిన మందు అసలు గుట్టు ఆ చిన్న పరీక్షలోనే బయటపడుతుంది.

కంపెనీల వైపు నుంచి మొదటి అభ్యంతరం వ్యాపార రహస్యం. చక్కెర అమరిక చెబితే పోటీదారు మా పద్ధతి కనిపెట్టేస్తాడు అంటారు. శాండోజ్, శాంసంగ్ ఉదాహరణలే దీనికి జవాబు. మందు మార్కెట్లోకి వచ్చాక దాని మీది చక్కెర రహస్యంగా ఉండదు. పరికరం ఉన్న ఎవరైనా ఒక సీసా కొని వారాల్లో కొలవగలరు, కొలుస్తున్నారు. కాబట్టి ఇప్పుడున్న గోప్యత పోటీదారుల నుంచి దేన్నీ దాచడం లేదు. అది దాస్తున్నది వైద్యుల నుంచి, ఆసుపత్రుల నుంచి, పరికరాలు కొనలేని విశ్వవిద్యాలయాల నుంచి. కణాలను ఎలా ఎంపిక చేశారు, ఏ మేత పెట్టారు, ఏ గంటకు ఉష్ణోగ్రత తగ్గించారు అన్నవి నిజమైన రహస్యాలు. ఏళ్ల కష్టంతో సంపాదించిన ఆ జ్ఞానం కంపెనీ దగ్గరే ఉండాలి. తయారీ పద్ధతిని దాచుకునే హక్కు వేరు, రోగి ఒంట్లోకి ఎక్కించే పదార్థం ఏమిటో దాచుకునే హక్కు వేరు. రెండోది ఎవరికీ లేదు.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది, నిజాయితీగా ఎదుర్కోవాల్సినది. ఆ కొలతల మీద ప్రయోగశాలలకే ఏకాభిప్రాయం లేనప్పుడు ప్రచురించి ఏం లాభం? అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఒకే యాంటీబాడీ నమూనాలను ప్రపంచవ్యాప్తంగా పంపించి అధ్యయనం చేసింది. 76 ప్రయోగశాలల నుంచి 103 నివేదికలు వచ్చాయి. ఒక ప్రయోగశాల నాలుగు రకాల గొలుసులను గుర్తిస్తే, మరొకటి 48 రకాలను గుర్తించింది. అందరివీ కలిపితే 116 రకాలు. ఇది చిన్న సమస్య కాదు. అయితే ఎక్కువ మోతాదులో ఉండే ప్రధాన గొలుసుల మీద అంగీకారం కుదరడం కష్టం కాదని, చిక్కంతా అరుదైన వాటి దగ్గరేనని గమనించాలి. పైగా, ఈ గందరగోళం బయటపడిందే అందరూ ఒకే నమూనాను కొలిచి ఫలితాలను పక్కపక్కన పెట్టడం వల్ల. కొలతలు దాచి ఉంచితే అవి ఎప్పటికీ ఒక దారికి రావు. ఫలితంతోపాటు ఏ పద్ధతిలో కొలిచారు, ఏ ప్రామాణిక నమూనాతో సరిచూశారు అన్నది కూడా రాయమంటే చాలు. అలాంటి సామాన్య నమూనాను మన దేశంలోనూ సిద్ధం చేసి, హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లోని ప్రయోగశాలలు ఏటా దాన్ని కొలిచి పోల్చుకునే ఏర్పాటు చేయడం ప్రభుత్వానికి పెద్ద భారం కాదు.

అన్ని మందులకూ ఈ గొడవ ఎందుకు అనేవారికి కొంత న్యాయం ఉంది. ఇన్సులిన్ మీద చక్కెర గొలుసు లేదు. దాన్ని బ్యాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో నిశ్చింతగా తయారు చేయవచ్చు. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్ బి వ్యాక్సిన్ ఈస్ట్ కణాల్లోదే. రక్తంలోని ఒక ప్రొటీన్‌ను పట్టి ఆపేయడమే పనిగా ఉన్న బెవాసిజుమాబ్ వంటి యాంటీబాడీకి ఫ్యూకోజ్ శాతం రిటుక్సిమాబ్‌కు ఉన్నంత ముఖ్యం కాదు. కాబట్టి అన్ని సంఖ్యలనూ ఒకే తీరున కుమ్మరించమని అడగడం తెలివితక్కువ. ఈ మందు ఎలా పనిచేస్తుంది, ఆ పనిలో ఏ చక్కెరలకు పాత్ర ఉంది, వాటికి ఒప్పుకున్న హద్దులేమిటి, ఆ హద్దులు ఎందుకు చాలనుకున్నారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. ప్రమాదాలన్నీ చక్కెర వల్లే వస్తాయనీ కాదు. 1998 తర్వాత యూరప్‌లో ఎప్రెక్స్ అనే ఎరిథ్రోపాయిటిన్ మందు వాడిన కిడ్నీ రోగుల్లో కొందరికి ఎర్రకణాల తయారీయే ఆగిపోయిన విషాదం వెనక ద్రావణం కూర్పు మార్చడం ఉందని అనుమానించారు. చక్కెర లెక్క బయటపెట్టడం సర్వరోగ నివారిణి కాదు, కానీ అది లేకుండా మిగతా లెక్కలు అసంపూర్ణం.

తేడాలు బయటపెడితే జనం భయపడి చవక మందుల్ని వదిలేస్తారని, విదేశీ కంపెనీలు దాన్ని వాడుకుంటాయని కొందరు మంచి మనసుతోనే అంటారు. ఈ భయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, ఎందుకంటే మన బయోసిమిలర్ల మీద అనుమానాలు చల్లే ప్రచారం నిజంగానే జరిగింది. కానీ అనుమానం పెరిగేది సమాచారం లేని చోటే. మూల మందు కూడా బ్యాచ్‌కు బ్యాచ్‌కు మారుతుందని, మన మందు ఆ మార్పుల హద్దుల్లోనే ఉందని సంఖ్యలతో చూపించగలిగిన కంపెనీకి అంతకంటే గట్టి సమాధానం ఏముంటుంది? విదేశీ మూల మందు బ్యాచ్‌ల కొలతలు కూడా అదే జాబితాలో పక్కనే ఉంటే పోలిక న్యాయంగా ఉంటుంది. ఆ సంఖ్యల ముందు తల దించుకోవాల్సి వచ్చే కంపెనీ ఏదైనా ఉంటే, దాన్ని రోగి ఖర్చుతో కాపాడాల్సిన పని మనకు లేదు.

చేయాల్సింది కొత్త చట్టం తేవడం కాదు. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ బయోసిమిలర్ల మార్గదర్శకాలను తదుపరి సవరించేటప్పుడు మదింపు నివేదిక ప్రచురణను తప్పనిసరి చేయవచ్చు. తయారీ పాత్ర మారినా, కర్మాగారం మారినా, కణాల మేత మారినా చక్కెర అమరికలో వచ్చిన తేడాను ఆ నివేదికకు అనుబంధంగా చేర్చమనవచ్చు. దీనికి కంపెనీ కొత్తగా చేయాల్సిన ప్రయోగం ఏదీ లేదు, ఫైల్లో ఉన్నదాన్ని బయట పెట్టడమే. ఢిల్లీ కదిలేదాకా రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు కూడా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనే సంస్థలు టెండరు పిలిచేటప్పుడు ఎరిథ్రోపాయిటిన్‌కు సియాలిక్ ఆమ్లం, రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్‌లకు ఫ్యూకోజ్ లేని గొలుసుల శాతం బ్యాచ్ వారీగా ఇవ్వాలని ఒక నిబంధన చేర్చవచ్చు. అత్యల్ప ధర ఒక్కటే చూసి కొనే పద్ధతిలో ఆ ఒక్క నిబంధన చేరితే, సరఫరాదారులు ఆ కాగితం పట్టుకుని రావడం మొదలుపెడతారు. హైదరాబాద్‌లో దాన్ని సరిచూడగల పరికరాలూ ఉన్నాయి, వాటిని నడపగల మనుషులూ ఉన్నారు.